మునిగిన ఊరికి కట్టడి

డిగ్రీ రిజల్టు చూసుకున్న రోజు వనపర్తి బస్టాండు పక్కన ఎస్టీడీ బూతుకెళ్ళి ఊరికి ఫోన్ చేసిన. మా ఇంట్ల ఫోన్ లేకుండె. పెద్దనాయిన ఇంటికి చేస్తే ఆయన మనిషిని పంపి మా నాయినను పిలిపిస్తుండె. ఫస్టు క్లాసుల పాసైన, మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే అయిన అని చెప్పాలని మాట గొంతు దాక వచ్చి ఉంది. నాయిన ఫోన్ పట్టుకోంగనె, "బిడ్డా, పిట్టలు లేచినయి" అన్నడు.

"అన్నీనా?"

"అన్నీ. పొద్దుగాల పడవ చాచా పుట్టి ఏసుకొని చుట్టూ తిరిగి వచ్చిండు. ఇసుకల ఒక్క పిల్ల కూసొని లేదంట. అన్నీ నీళ్ళ మీద ఎగురుతున్నయంట."

నేను బూతులనే నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్విన. బూత్ నడిపేటాయన, "ఏందమ్మా, నౌకరీ వచ్చిందా?" అన్నడు. "లేదన్నా, పిట్టలెగిరినయి" అన్న. ఆయన మీటర్ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. ఫోన్ పెట్టేసినంక యాదికొచ్చింది, నేను పాసైన ముచ్చట నాయినకు చెప్పనే లేదని. మళ్ళ చేసిన.

గీ ముచ్చట అప్పటికెళ్ళి కనబడినోళ్ళకల్లా చెప్తున్న. బస్సుల పక్క సీటామెకు చెప్పిన. హాస్టల్ వార్డెన్‌కు చెప్పిన. ఇగ రాయకుంటే నాకే నిలవదు.

వీపనగండ్ల దాటి నది దిక్కు పోతే మా ఊరు వస్తది. మాది ఒక్క ఊరు కాదు, రెండు. ఒకటి గట్టు మీద ఉన్నది, తిన్నటి గల్లీలు, రేకుల ఇండ్లు. నేను పుట్టింది గండ్లనె. ఇంకోటి నీళ్ళల్ల ఉన్నది. నేను పుట్టకముందే డ్యాం నీళ్ళు వచ్చి కృష్ణ ఒడ్డున ఉన్న పాత ఊరు మునిగింది. అయితే ఎండాకాలం నీళ్ళు కిందికి దిగితే, ఆ ఊరు ఉన్న దిబ్బ మెల్లగ బయటికి తేలుతది. చుట్టూ నీళ్ళు, నడుమ ఇసుక దిబ్బ. దాని మీద ఇండ్ల పునాదులు, గడప రాళ్ళు, ఒకటి రెండు రోళ్ళు. నట్టనడుమ బొడ్రాయి.

బొడ్రాయి అంటే ఊరు కట్టేటప్పుడు ఊరి నడుమ పాతే రాయి. మనిషికి బొడ్డు ఎట్లనో ఊరికి అది అట్ల. గట్టు మీది ఊరికి కొత్త బొడ్రాయి పెట్టిండ్రు. అయినా మా పెద్దమనుషులకు అది కొత్తదే. ప్రతి ఏడు ఉగాది అయినంక వచ్చే బేస్తవారం, అందరు గుండ్రటి పుట్టి పడవల మీద దిబ్బకు పోయి పాత బొడ్రాయికి పండుగ చేస్తరు. ఎవరి గడప వాళ్ళు వెతుక్కొని, మట్టి తీసి, కడిగి పసుపు రాస్తరు. బోనం వండుతరు, యాటను కోస్తరు, తిని పొద్దు వంగకముందు గట్టుకు వస్తరు. పుట్టి నడిపే చాచా వాళ్ళ గడప కూడ గక్కడ్నే ఉన్నది. ఆయన పసుపు రాయడు. శుభ్రంగ కడిగి, దాని మీద కాలు మీద కాలేసి కూసొని చాయ్ తాగుతడు. "ఏడాదికొక్కసారి ఇంటి ముందర కూసునే భాగ్యం" అంటడు.

మా నాయినమ్మకు ఏడాదిల గా ఒక్క రోజే పండుగ. దసరాకు కొత్త చీర ఇస్తే పెట్టెల పెడ్తది, బొడ్రాయి పండుగకు తీస్తది.

దిబ్బ తేలంగనె మనుషుల కంటె ముందు వచ్చేటోళ్ళు ఇంకొకలు ఉన్నరు. మేం టోపీ పిట్టలు అంటం. తెల్లటి ఒళ్ళు, నెత్తి మీద నల్ల టోపీ పెట్టినట్టు ఉంటది, పసుపుపచ్చ ముక్కు, చీలిన తోక. నీళ్ళ మీద ఎగురుకుంట ఎగురుకుంట టప్పున మునిగి చేప పట్టుకొని లేస్తది. గూడు కట్టదు. ఇసుకల పొట్టతోని జర గుంత చేసి గండ్లనె గుడ్లు పెడ్తది. ఆ గుడ్డు మట్టి రంగుల, మచ్చలు మచ్చలుగ, కాలి కిందికి వచ్చినా కనబడదు. మేం పండుగ చేసుకునే రోజులు, అవి గుడ్లు పెట్టే రోజులు ఒక్కటే. మనుషులు దిగంగనె మీదికెళ్ళి గుంపు గుంపు తిరిగి, నెత్తిల తన్నేటట్టు వస్తయి. మేం చిన్నప్పుడు గది ఆట అనుకొని కొంగులు ఊపుతుంటిమి.

నేను డిగ్రీ రెండో ఏడుల ఉన్నప్పుడు పండుగకు పోయినం. నాయినమ్మ తన గడప కాడ మట్టి తీస్తుంటే, రాయి పక్కనె రెండు గుడ్లు కనబడినయి. ఆమె ముఖం చూడాలె. "నా గడపల సంతానం ఏసిండ్రే" అని అందరిని పిలిచింది. ఆడోళ్ళందరు వచ్చిండ్రు. వాళ్ళ వాళ్ళ గడపల కాడ కూడ వెతికిండ్రు. దొరికినోళ్ళు దొరికినట్టు గుడ్లకు పసుపు కుంకుమ పెట్టిండ్రు. మరి ఇంత మంది తిరుగుతున్నరు, తొక్కుతరు పాపం అని, నాయినమ్మ ఒక గంపల గడ్డి మెత్తగ పరిచి గుడ్లన్నీ ఏరి గండ్ల పెట్టింది. బొడ్రాయి పక్కన నీడకు పెట్టింది. పొద్దు వంగినంక గంపను గక్కడ్నే ఇడిసి, "ఇగ మీ పిల్లలు భద్రం, వచ్చి కూసోండ్రి" అని పిట్టలకు చెప్పి మరీ పుట్టి ఎక్కింది.

అంత మంచిగ చూసుకున్నమని మాకందరికి తృప్తి.

కాలేజీ తెరిచినంక మా జువాలజీ మేడం పక్షుల పాఠం చెప్తుంటే నేను లేచి గంప ముచ్చట చెప్పిన. క్లాసంత నవ్వింది. మేడం నవ్వలే. "నేల మీద గుడ్లు పెట్టే ఈ జాతి పక్షి గుడ్డును గుర్తుపెట్టుకోదమ్మా, జాగను గుర్తుపెట్టుకుంటది. గుడ్డు జరిగితే దానికి గుడ్డు లేనట్టె. వచ్చి, ఖాళీ గుంత చూసి, లేచిపోతది" అన్నది. ఇంకో మాట కూడ చెప్పింది. ఈ పిట్టకు చెట్టు పనికిరాదు, గట్టు పనికిరాదు. కుక్క, నక్క రాకుంట చుట్టూ నీళ్ళున్న ఇసుక దిబ్బ కావాలె. నదిల అట్లాంటి జాగలు ఏడాదికేడాది తక్కువైతున్నయి. మా దిబ్బ పోతే వాటికి పక్క ఊరు లేదు.

ఆ ఐతారం ఇంటికి పోయి నాయినమ్మకు చెప్పిన. ఆమె చింతపండు గింజలు తీస్తుండె. చెయ్యి ఆగింది.

"అంటే గంపల ఏ పిట్ట కూసోలేదా?"

"లేదు నాయినమ్మా."

"పసుపు పెట్టినందుకా?"

"పసుపుకు కాదు. జాగ మారినందుకు."

చేతిల ఉన్న గింజను పక్కకు పెట్టింది. తర్వాత అన్నది, "మమ్ముల గిట్లనె కదనే లేపింది. ట్రాక్టర్ల ఎక్కించి, మీకు మంచి జాగ చూసినం, రేకుల షెడ్డు ఏసినం, పోయి కూసోండ్రి అన్నరు. మీ చిన్న మేనత్త సంకల ఉన్నది. గా షెడ్డుల కూసుంటే నాకు మూడు దినాలు పాలు రాలే."

ఆ మాట ఆమె ఎన్నడు చెప్పలే నాకు. మళ్ళ గింజలు తియ్యబట్టింది. "సరే, వచ్చే ఏడు చూద్దం" అన్నది, ఎవరినో బెదిరించినట్టు.

వచ్చే ఏడు శివరాత్రికే దిబ్బ తేలింది. టోపీ పిట్టలు వచ్చినయి. పండుగ తారీఖు పెట్టేటందుకు పంచాయితీ ఆఫీసు అరుగు మీద కూసున్నరు. నేను పరీక్షలకు చదువుకునే సెలవులల్ల ఇంటి కాడనె ఉన్న. మా పెద్దనాయిన, అంటే మా నాయినకు అన్న వరుస, ఊరికి పెద్దమనిషి. ఆయన ఎప్పటిలెక్కనె ఉగాది తర్వాత బేస్తవారం అన్నడు. నాయినమ్మ ముందట్కి వచ్చి కూసున్నది.

"గప్పుడు వద్దు కొడుకా. పిట్టలు పొదుగుతుంటయి. పిల్లలు లేచినంక చేద్దం."

"పిట్టల కోసం బొడ్రాయి పండుగ ఆపుతమా చిన్నమ్మా? ఊరికి అరిష్టం."

"ఆపుతలేను. ముందు కట్టడి చెయ్యమంటున్న."

కట్టడి అంటే బొడ్రాయి పండుగకు ముందు ఊరికి కాపలా. డప్పు కొట్టి చాటుతరు. పూజ అయ్యేదాక బయటోళ్ళు ఊర్లకు రావద్దు, ఊరోళ్ళు బయటికి పోవద్దు. కొత్త బొడ్రాయి పెట్టినప్పుడు చేసిండ్రు. మునిగిన ఊరికి మాత్రం ఎవరు చెయ్యలే, చెయ్యాలని ఎవరికి తోచలే.

పెద్దనాయిన నవ్విండు. "మునిగిన ఊరికి కట్టడి ఏంది?"

"మునిగిన ఊరికి యాటను కోస్తున్నవు గద. పండుగ ఉన్న ఊరికి కట్టడి ఉండదా?"

"కట్టడి పొద్దున పెడితే మాపటికి ఇడుస్తరు. రెండు నెలలు ఎవరన్న పెడ్తరా?"

"నీళ్ళు వచ్చి మనను ఊర్లకు పోనియ్యకుంట కట్టడి చేసినయి. నీ మీసాలు తెల్లగయ్యేదాక నడుస్తనె ఉంది. గప్పుడు నెలలు లెక్క పెట్టకపోతివి."

అరుగంత నవ్వింది. పెద్దనాయిన మీసం మీద చెయ్యి ఏసుకున్నడు. అయితే ఆయన మొండితనానికి అనలే, అసలు భయం అప్పుడు బయట పెట్టిండు.

"చిన్నమ్మా, పిల్లలు లేచేటాల్లకు మిరుగం కార్తె వస్తది. పైన వానలు పడి గద్వాల దిక్కు నదికి వరద వచ్చిందంటే రెండు దినాలల్ల మన దిబ్బ మాయం. పండుగ లేదు, గడప లేదు. నీ మోకాళ్ళు చూసుకున్నవా? ఈసారి పోతె మళ్ళొచ్చే ఏడు పుట్టి ఎక్కుతవా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. పోయిన ఏడే ఆమెను నాయిన, చాచా చెరొక దిక్కు పట్టి పుట్టిల దించిండ్రు. ఆమెకు ఇంకెన్ని పండుగలు ఉన్నయో మాకెవరికి తెల్వదు.

"నీళ్ళు ముందే వస్తే నష్టం నాకు," అన్నది నాయినమ్మ. "నాకే కదా. నేనే అంటున్న."

చాచా అరుగు కింద నిలబడి ఉన్నడు. "నా గడప కూడ ఉంది అక్కా. నాకు మంజూరే" అన్నడు. ఇగ ఒక్కొక్కరు మంజూరు మంజూరు అన్నరు. పెద్దనాయిన లేచి, "కట్టడి అంటే మజాక్ కాదు మల్ల. పెడితే గట్టిగ పెడ్త. ఎవరన్న దిబ్బ మీద కాలు పెడితే దండుగ కట్టాలె" అన్నడు. ఆయన ఒద్దన్నప్పుడు ఎంత గట్టిగ ఒద్దన్నడో, ఒప్పుకున్నంక అంతకంటె గట్టిగ పట్టుకున్నడు. మరునాడు డప్పు కొట్టిచ్చిండు, మా ఊర్ల ఒక్కటె కాదు, ఒడ్డుకున్న పక్క ఊర్లల్ల కూడ.

ఆ ఎండాకాలమంత నేను పరీక్ష రాసి వచ్చి గట్టు మీదనె ఉన్న. పొద్దుగాల, పొద్దుమూకినప్పుడు దిబ్బకెదురుంగ కూసుంటుంటి. ఎండ మండిపోతుంటే తల్లిపిట్ట నీళ్ళ మీద వాలి, పొట్ట తడుపుకొని, పోయి గుడ్ల మీద కూసుంటుండె. గుడ్డుకు వేడి చెయ్యనీకె కాదు, చల్లగ చెయ్యనీకె. పుస్తకంల చదివింది ఎదురుంగ నడుస్తుంటే నాకు నవ్వొస్తుండె, ఏడుపొస్తుండె. నాయినమ్మకు చూపిస్తే, "తడి కొంగు ఏస్తుంది పిల్లలకు" అన్నది.

ఒకనాడు కొల్లాపూర్ దిక్కుకెళ్ళి పడవల కొంతమంది వచ్చిండ్రు. సోమశిల చూసి, ఇటు షికారుకు వచ్చినోళ్ళు. దిబ్బకు దిగబోయిండ్రు. పెద్దనాయిన ఒడ్డుకు వచ్చి తువ్వాల ఊపుకుంట అరిచిండు, "ఆగుండ్రి, ఆగుండ్రి. ఊరు కట్టడిల ఉంది. రావొద్దు."

పడవల ఒకాయన చుట్టూ చూసిండు. నీళ్ళు, ఇసుక, పిట్టలు. "ఏ ఊరు పెద్దమనిషీ?" అన్నడు.

"మా ఊరు."

"ఊరేది?"

"నీ ముందరనె ఉన్నది. ఇండ్లల్ల బాలింతలున్నరు, గడబిడ చెయ్యకుండ్రి."

వాళ్ళకు ఏం సమజ్ కాలే. అయినా ఆయన చెప్పిన తీరుకు పడవ మళ్ళించుకొని పోయిండ్రు. నేను, నాయిన గట్టు మీద కూసొని కడుపు పట్టుకొని నవ్వినం.

నవ్విన కొన్ని దినాలకే భయం పట్టుకుంది. నీళ్ళు ఎన్నడు లేనంత దిగినయి. దిబ్బకు, గట్టుకు నడుమ సన్నటి బురద దారి తేలింది. అంటే దిబ్బ ఇగ దిబ్బ కాదు. మొదటి దినమే ఊర కుక్కల కాలి ముద్రలు కనబడినయి ఆ దారిల. గుడ్లు అప్పుడే పిల్లలైతున్నయి, ఇసుకల అదుముకొని పండుకునే ఈడు. ఎగరరావు, ఉరకరావు.

మనుషులను డప్పుతోని ఆపినం, కుక్కలకు ఏం డప్పు కొడ్తం? కంప ఏద్దమా అంటే కుక్క దూరుతది. కాపలా ఉందమా అంటే మనిషి దగ్గర్ల ఉంటే తల్లి పిట్ట దిగదు. చాచానే అన్నడు, "పుట్టి తిరిగేటట్టు తవ్వుకుందం." నేను గట్ల ఆలోచన చేయలే. దారి ఎక్కడ సన్నగ ఉందో గక్కడ అడ్డంగ తవ్వి, రెండు దిక్కుల నీళ్ళు కలిపితే దిబ్బ మళ్ళ దిబ్బ అయితది.

ఊరోళ్ళు పారలు, తట్టలు పట్టుకొని వచ్చిండ్రు. పెద్దనాయిన అందరి కంటె ముందు. పంచె పైకి కట్టి మోకాలు దాక బురదల దిగిండు. "మా నాయిన గీ ఊరు ఇడిసిపెట్టేటప్పుడు ఏడిసిండు, నేను గీ ఊరికి కందకం తవ్వుతున్న" అన్నడు. మా నాయిన, "కందకం తవ్వుకుంటే రాజులమే మనం" అన్నడు. "రాజువు నువ్వు, తట్ట ఎత్తు" అన్నడు పెద్దనాయిన. పనోళ్ళ నవ్వుకు పిట్టలన్నీ లేచి మీదికెళ్ళి తిట్టినయి. ఒకటి వచ్చి పెద్దనాయిన నెత్తి మీద రెట్ట ఏసింది. ఆయన తువ్వాలతోని తుడుచుకొని, "దండుగ నాకే పడింది" అన్నడు. తవ్వుడు పూర్తయి రెండు దిక్కుల నీళ్ళు ఒకదాన్నొకటి ముట్టుకున్నంక అందరం ఎనుకకు వచ్చినం. పిట్టలు కిందికి దిగినయి. కుక్కలు ఒడ్డు దాక వచ్చి, నీళ్ళు చూసి, కూసొని, పోయినయి.

గప్పుడు నాకు ఒకటి మంచిగ అర్థమైంది. పిట్టను ఎవరైనా కాపాడుతరు. కింద పడిన పిల్లను ఎత్తుకొని నీళ్ళు తాపుతరు, గంపల గడ్డి పరుస్తరు. అదంత ప్రేమనే. కానీ పిట్టకు కావాల్సింది మన చెయ్యి కాదు, దాని జాగ. ఆ జాగను ఉన్నది ఉన్నట్టు ఉంచితే మిగిలిన పని అదే చేసుకుంటది. మనం చేసిందల్లా ఒక దారి తెంపి, మన కాళ్ళు మనం ఆపుకున్నం. ఊరు పోయినోళ్ళకు ఇది చెప్పాల్సిన పని లేకుండె. జర యాది చేస్తే సరిపోయింది.

ఇగ రిజల్టు కోసం నేను వనపర్తి పోవుడు, ఫోన్ చేసుడు, పిట్టలు లేచినయి అని నాయిన చెప్పుడు, అదంత మొదట్ల చెప్పిన. నేను మార్కుల మెమో పట్టుకొని ఊరికి వచ్చేటాల్లకు ఇంకో ఖబర్ ఎదురొచ్చింది. పైన వానలు బాగ పడ్డయి, గద్వాల కాడ నది ఎర్రగ వస్తున్నదని బస్సు డ్రైవర్ చెప్పిండు. నాకు మెమో సంగతి మరుపొచ్చింది. గట్టుకు ఉరికిన. దిబ్బ ఇంకా ఉంది.

పెద్దనాయిన బేస్తవారం దాక ఆగలే. "బొడ్రాయి వారం చూడదు" అని మరునాడు పొద్దుగాలనె పండుగ అన్నడు. డప్పు కొట్టి కట్టడి ఇడిసిండు.

పుట్టీలన్నీ ఒక్కసారి కదిలినయి. నాయినమ్మ కొత్త చీర కట్టింది. ఆమెను దించనీకె నేను, నాయిన చెరొక దిక్కు పట్టినం. దిబ్బ మీద కాలు పెట్టంగనె ఆమె మా చేతులు ఇడిపిచ్చుకున్నది. గడపల మధ్య నుంచి తన గడప దాక ఒక్కతె నడిసింది. మోకాళ్ళు నొస్తున్నయని అనలే.

గడప రాయి పక్కన ఇసుకల అరచెయ్యంత గుంత ఉండె. ఖాళీది. దాని అంచుకు చేప పొలుసులు, తెల్లటి రెట్టలు. నాయినమ్మ గడపను కడిగింది. పసుపు రాసింది. గుంత కాడికి వచ్చేసరికి చెయ్యి ఆపి, చుట్టూ తిప్పి రాసింది, గుంతను ముట్టుకోలే.

"మళ్ళొచ్చి ఇక్కడ్నే పెడ్తదా?" అని అడిగింది.

"జాగ గుర్తుంటది అన్నది మేడం."

"నాకు లేదా మరి."

మీద పిట్టలు తిరుగుతుండె. పెద్దయి తెల్లగ, పిల్లలు జర మట్టి రంగుల, ముక్కులు ఇంకా నల్లగ. అయినా అవి కూడ టప్పున నీళ్ళల్ల మునుగుతున్నయి. చేప దొరకక ఉత్తగనె లేస్తున్నయి. మళ్ళ మునుగుతున్నయి. చాచా తన గడప మీద కాలు మీద కాలేసుకొని చూస్తున్నడు. "ఇంకా ఫస్ట్ ఇయర్" అన్నడు నన్ను చూసి.

గప్పుడు యాదికొచ్చి మెమో తీసి నాయినమ్మ చేతిల పెట్టిన. ఆమెకు చదవనీకె రాదు. అటు ఇటు తిప్పింది. గడప మీద పెట్టింది. పసుపు చేతులతోని పెట్టింది కాబట్టి ఆ కాయితం మూలకు పచ్చటి వేలిముద్ర పడింది, ఇప్పటికి ఉంది. "మా ఇంట్ల మొదటి డిగ్రీ, మా ఇంటి గడపల" అన్నది. బోనం, యాట, బంతి, అన్నీ అయినయి. తిన్నంక పెద్దనాయిన లేచి, వచ్చే ఏడు దిబ్బ తేలిన దినమే కట్టడి అని గక్కడ్నే చాటిండు. ఒడ్డుకున్న రెండు ఊర్లోళ్ళు కూడ వచ్చిండ్రు పండుగకు. వాళ్ళకు కూడ మునిగిన ఊర్లు ఉన్నయి, తేలే దిబ్బలు ఉన్నయి. కట్టడి ఎట్ల పెట్టాలె, డప్పు ఎన్నడు కొట్టాలె అని నాయినమ్మను అడుగుతున్నరు. ఆమె పెద్ద ఆఫీసర్ లెక్క కూసొని చెప్తున్నది.

మేం గట్టుకు వచ్చేటాల్లకు మేం తవ్విన కాలువల ఎర్ర నీళ్ళు నిండుతున్నయి. తెల్లారి చూస్తే బొడ్రాయి సగానికి వచ్చింది. నాయినమ్మ గట్టు మీద కూసొని మోకాళ్ళకు నూనె రాసుకుంటుంది.

"ఏందే గిప్పుడె?" అన్న.

"వచ్చే ఏడు పుట్టి ఎక్కద్దా మరి" అన్నది.